సొల్యూషన్ ఆరేదాకా

పొలంలో పైపు పగిలితే మేము ఎన్నడూ ఆరేదాకా ఆగలేదు. ఆగడానికి తీరిక ఏది? కరెంటు కొలిచి ఇచ్చిన కాలంలో సేద్యం చేసినవాళ్లం. మోటారు ఆగిందంటే మడి నోరు తెరుస్తుంది. అందుకని వాము నుంచి ఇంత గడ్డి లాగి అంటించి, ఆ మంట మీద పైపు మూతిని తిప్పుతూ కాల్చి, అది మెత్తబడగానే రెండో పైపును అందులోకి గుద్దేవాళ్లం. మీద సైకిలు ట్యూబు ముక్క చుట్టి బిగించి కట్టి, స్విచ్చి వేసేవాళ్లం. పైపులు అతికే సొల్యూషన్ డబ్బా చేతికందితే పూసేవాళ్లం, లేకుంటే లేదు. కారుతుందా, కారనీ. కారిన నీళ్లు ఎక్కడికి పోతాయి, మా మడిలోకే కదా.

నిడమనూరు వైపు మా పక్క పొలాల వాళ్లు మా ఆయన అతుకు కంటే నా అతుకే గట్టిదని ఒప్పుకునేవాళ్లు. ఒప్పుకోనివాళ్ల పైపులు కూడా నేనే అతికాను. ఆ ధీమాతోనే సూర్యాపేటలో మా బిడ్డ ఇంట్లో చేపల తొట్టికి పైపు అతకడానికి బయలుదేరాను.

ముందు సంగతి చెప్పాలి. అల్లుడు వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మా బిడ్డ ఉద్యోగం సూర్యాపేటలో. అందుకని అక్కడే కిరాయికి ఉంటారు, ఆయన సెలవు దొరికినప్పుడల్లా బండి మీద వస్తాడు. కోతల కాలంలో అట్లా వస్తూ, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద బండి జారి పడ్డాడు. ఆ వడ్లు ఎవరివో నేను అడగలేదు. కాలు రెండు చోట్ల విరిగింది. దవాఖానలో లోపల రాడ్డు వేసి ఇంటికి పంపారు. అప్పటి నుంచి మంచమే. ఒక్కచోట కూర్చోలేని మనిషి, కోడిపిల్లలా ఎప్పుడూ తిరిగే మనిషి, మంచం పట్టె మీద వేళ్లతో దరువు వేస్తూ పడుకున్నాడు. హైవే పక్కనే ఇల్లు. లారీ హారను కొట్టినప్పుడల్లా ఉలిక్కిపడి లేవబోతాడు, కాలు గుంజుతుంది, మళ్లీ పడుకుంటాడు.

ఆయనకు నిద్ర పట్టించేది ఒక్కటే, ఆ గదిలోని చేపల తొట్టి. దెబ్బ తగలకముందే తెచ్చుకున్నాడు. పై తొట్టిలో నీళ్లు పైపు గుండా కింద అరమరలో ఉన్న చిన్న తొట్టిలోకి దిగుతాయి. అక్కడ మురికి వదిలి, చిన్న మోటారు తోస్తే మళ్లీ పైకెక్కి, సన్నటి ధారగా తొట్టిలో పడతాయి. ఆ ధార చప్పుడు లారీల చప్పుడును మింగేస్తుంది. అది వింటూ పడుకుంటాడు. అది ఆగితే నిద్ర ఆగుతుంది.

అది ఆగింది. బిడ్డ ఫోను చేసింది.

"అమ్మా, అక్వేరియం పైపు కారుతున్నది. మోటారు బందు వెట్టినం, చేపలను డ్రమ్ముల ఏసినం. ఆయనకు నిద్ర లేదు, నాకు లేదు, అత్తమ్మకు అస్సలే లేదు. కింద ఓనరు ఒకటే లొల్లి."

"ప్లంబరును పిలువరాదు?"

"పిలిచిన. ఇయ్యాల, రేపు అంటున్నడు."

"రేపటిదాక ఎవ్వలు ఆగుతరు? నేనొస్తున్న."

మిర్యాలగూడలో బస్సెక్కాను. సంచిలో పైపు కోసే ఆక్సాబ్లేడు, సైకిలు ట్యూబు ముక్కలు, సగం వాడిన పాత సొల్యూషన్ డబ్బా. బస్సు కనబడ్డ ప్రతి మనిషి దగ్గరా ఆగుతున్నది. ఇంకెంత సేపు, ఇంకెంత సేపు అని కండక్టరును అడిగీ అడిగీ విసిగించాను. "అవ్వా, గంత తొందరైతే నువ్వే తోలు" అన్నాడు. "గిది ట్రాక్టరైతే తోలేదాన్నే" అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వేళ్లు అప్పటికే పైపు కోసం దురద పెడుతున్నాయి.

మెట్ల దగ్గరే ఓనరు ఎదురయ్యాడు. మంచివాడే, కానీ ఆయన పూజ గది సరిగ్గా అల్లుడి గది కిందే ఉంది.

"అమ్మా, నువ్వు పెద్దదానివి, నువ్వే సూడు" అని లోపలికి తీసుకుపోయి స్లాబు చూపించాడు. దేవుడి పటాల మీదుగా అరచేయంత మరక. "ఇంకో చుక్క పడ్డదంటే ఆ చేపల డబ్బా ఇంట్ల ఉండొద్దు. మంచానున్న మనిషి ఇంట్ల ఉన్నడని ఇన్ని రోజులు ఊకున్న. ఇగ ఊకోను."

"పడదు" అన్నాను. ఇంకా పైకెక్కి చూడనే లేదు, అప్పుడే మాటిచ్చేశాను.

పైన వియ్యపురాలు ఉంది. కోదాడ నుంచి కొడుకుకు చాకిరీ చేయడానికి వచ్చి ఉంటున్నది. నా వయసుదే. మేమిద్దరం ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం. కొంగు నడుముకు చెక్కి, వాకిట్లో నిలబడి నా సంచి వంక చూసింది.

"ప్లంబరుని పిలవమంటే తల్లిని పిలిచిందా నీ కూతురు?"

"ప్లంబరైతే చాయ అడుగుతడు ఒదినా. నేనైతే నేనే పెట్టుకుంట."

"పెట్టుకుందువులే, ముందు కాళ్లు కడుక్కో."

కాళ్లు కడుక్కున్నానో లేదో గుర్తులేదు. నేరుగా అరమర ముందు కూలబడి తలుపు తీశాను. పై తొట్టి నుంచి దిగే పైపు మూల తిరిగే చోట, మోచేయి ఆకారంలో ఉండే ఎల్బో దగ్గర, మిగిలిన నీళ్లు ఊరుతున్నాయి. ఒక చుక్క ఊరి, వేలాడి, ఎంతకూ పడక, నేను కళ్లు తిప్పగానే పడింది. పొలంలో అయితే దాన్ని కారడం అనము. చెమట పట్టింది అంటాము.

లేచి వంటింట్లోకి పోయి గ్యాసు పొయ్యి అంటించాను. మంచం మీద నుంచి అల్లుడి గొంతు.

"అత్తమ్మా, పొయ్యి ఎందుకు?"

"పైపు కాల్చనీకి."

"ఇది పొలం కాదత్తమ్మా! కాలిస్తే పైపు పలచనైతది. అతుకు నిలవదు."

"మా పొలంల నిలవలేదా?"

"మీ పొలంలో కారితే వరి తాగుద్ది. ఇక్కడ కారితే ఓనరు గారి దేవుడు తాగుతాడు."

వియ్యపురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో ఆ రోజు అదే మొదటి నవ్వు. పొయ్యి ఆర్పాను.

పాత డబ్బా మూత తీసి చూస్తే సొల్యూషన్ జున్నులా గడ్డకట్టింది. ఇంత పెట్రోలు పోసి కలిపితే దారికొస్తుందని మేము పొలంలో అట్లాగే చేసేవాళ్లం. ఆ మాట నోట్లో ఉండగానే అల్లుడు మంచం మీద లేచి కూర్చోబోయాడు. "వద్దత్తమ్మా, నీకు దండం పెడతా. గడ్డకట్టింది పనికిరాదు. కొత్తది తీసుకురా. పైపు ముక్క కోసి చేతిలో పట్టుకెళ్లు. తెల్ల పైపుకి వేరే, లేత పసుపు పైపుకి వేరే ఉంటుంది. ఒకదానికి ఇంకొకటి పూస్తే పట్టదు."

పైపు కోసి, ముక్క పట్టుకుని బజారుకు నడిచాను. తెల్ల పైపుకు సరిపడే కొత్త డబ్బా, ఎల్బో, చేత్తో విప్పుకునే యూనియన్ జాయింటు, గరుకు కాగితం, తెల్లటి టేపు చుట్ట తెచ్చాను. డబ్బా మీద చీమల బారులాంటి అక్షరాలు, అన్నీ ఇంగ్లిషే. నాకు వచ్చిన తెలుగు అక్షరాలే ఆలస్యంగా వచ్చాయి, బిడ్డ బడికి పోతున్న కాలంలో రాత్రి బడిలో దిద్దుకున్నవి. ఇంగ్లిషు దాకా పోలేదు. డబ్బా అల్లుడి చేతికిచ్చాను. ఆయన చదువుతూ చెప్పాడు, నేను అడ్డం పడుతూ విన్నాను.

"తడి ఉండొద్దు, పొడి గుడ్డతో తుడవాలి. ముందు ఊరికే తొడిగి చూసి పెన్సిలుతో గీత పెట్టుకోవాలి. పైపుకి బయట, ఎల్బోకి లోపల, రెండిటికీ పలచగా పుయ్యాలి. తోసి, ఇంత తిప్పి, కాసేపు గట్టిగా పట్టుకోవాలి. లేకపోతే వెనక్కి తన్నుద్ది."

"అయినంక?"

"అయ్యాక కదపొద్దు. రేపు ఈ వేళదాకా నీళ్లు వదలొద్దు."

"రేపటిదాకనా! ఏం జేయాలె అప్పటిదాక?"

"ఏం చెయ్యొద్దు అత్తమ్మా. అదే చెయ్యాల్సింది."

ఇది ఆయన నాకు చెప్తున్నాడా, మంచం మీద తనకు తానే చెప్పుకుంటున్నాడా తెలియలేదు. వేళ్లు మాత్రం పట్టె మీద దరువు ఆపలేదు. డ్రమ్ములో ఎర్ర చేపలు గుండ్రంగా తిరుగుతున్నాయి. గాలి బుడగల మిషను ఒకటి గుర్రుమంటున్నది, కానీ అది ధార చప్పుడు కాదు. దాన్ని వింటే నాకే తల తిరిగింది.

సొల్యూషన్ వాసన మంచాన ఉన్న మనిషికి మంచిది కాదు. నేనూ వియ్యపురాలూ చెరో పక్క పట్టి ఆయనను ముందు గదిలోకి నడిపించి దివాను మీద పడుకోబెట్టాము. కిటికీలు బార్లా తీశాను. చేపల డ్రమ్ము మీద మూత వేసి, వంటింట్లోకి జరిపాము. వీలైనన్ని అతుకులు బయట బాల్కనీలోనే వేశాను. పైపును తిన్నగా కోసి, కోసిన అంచు గరుకు పోయేలా రుద్ది, తుడిచి, తొడిగి, గీత పెట్టి, తీసి, పూసి, తోసి, తిప్పి, పట్టుకున్నాను. పట్టుకుని నిలబడటం ఎంత కష్టమో చెప్పలేను. చేతిలో ఏమీ జరగదు. పిట్ట వాలి ఎగిరిపోతుంది, పక్కింటి కుక్కర్ కూస్తుంది, కింద ఓనరు దగ్గుతాడు, నా చేతిలో పైపు పైపులాగే ఉంటుంది. పొలంలో ఈపాటికి నీళ్లు రెండు మళ్లు దాటేవి.

మరలు ఉన్న చోట సొల్యూషన్ పూయకూడదట, టేపు చుట్టాలట. అదీ చేశాను. చివరి అతుకు మాత్రం అరమర లోపలే వేయాలి, కొలత అక్కడే కుదరాలి. తల లోపల పెట్టి, ఊపిరి బిగబట్టి, పూసి తోసి పట్టుకుని, అయ్యాక బయటికొచ్చాను. కళ్లు మండాయి. చేతులకు అంటింది తుడుచుకోవాలని తడిగుడ్డ కోసం బాత్రూంలోకి పోయాను. డబ్బా అరమరలోనే ఉండిపోయింది, మూత ఇంకా పెట్టలేదు. వెంటనే వచ్చి పెడదామనుకున్నాను.

తడిగుడ్డ భుజాన వేసుకుని తిరిగి వచ్చేసరికి వియ్యపురాలు అరమర ముందు నిలబడి ఉంది. ఒక చేతిలో ఇత్తడి పళ్లెం, అందులో పసుపు, కుంకుమ, వెలుగుతున్న కర్పూరం. ఇంకో చేత్తో అరమర తలుపు లాగుతున్నది.

"ఒదినా! అగ్గి! అగ్గి ఎనుకకు తియ్యి!"

"ఏంటి వదినా ఆ అరుపు? కొత్త పైపు వేశావు, హారతి ఇవ్వొద్దా? మా కోదాడలో బోరు వేసినా, మోటారు దింపినా..."

వివరం చెప్పడానికి సమయం లేదు. మా చేను గట్టు మీద ఒకప్పుడు గడ్డి మంటకు కాస్త దూరంలో డబ్బా మూత తీసి పెట్టారు. మంట డబ్బా దగ్గరికి పోలేదు. డబ్బాలోని ఆవిరే మంట దగ్గరికి నడిచి వచ్చింది. భగ్గుమన్నది. ఆ పంటకాలం అంతా మా ఆయనకు కనుబొమ్మలు లేవు. అదంతా ఒక్క క్షణంలో కళ్ల ముందు తిరిగింది. భుజం మీది తడిగుడ్డ తీసి పళ్లెం మీద వేశాను.

కర్పూరం చుయ్యిమని ఆరిపోయింది. పళ్లెం చేయి జారి పడింది. కుంకుమ తడిగుడ్డ నీళ్లలో కలిసి గచ్చు మీద ఎర్రగా పారింది.

వియ్యపురాలు గుడ్డ వంక చూసింది, నా వంక చూసింది.

"హారతి ఆర్పేశావా?" అన్నది. గొంతు పెద్దది కూడా చేయలేదు. "నా కొడుకు మంచాన పడి ఉంటే, హారతి మీద తడిగుడ్డ వేశావా?"

"ఆర్పకుంటే ఇల్లు అంటుకునేది ఒదినా. ఆ డబ్బా మూత తీసున్నది సూడు."

"గోరంత కర్పూరానికి ఇల్లు అంటుకుంటదా? రోజూ వంటింట్లో పొయ్యి వెలగట్లేదా?"

ముందు గదిలోంచి అల్లుడు కేకేశాడు. "అమ్మా! అత్తమ్మ చెప్పింది నిజమే. డబ్బా మీద మంట బొమ్మ కూడా ఉంది."

"నువ్వు మీ అత్త వైపే మాట్లాడు" అని ఆమె లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

డబ్బాకు మూత పెట్టి, బాల్కనీలో నీడన పెట్టాను. గచ్చు తుడిచాను. కుంకుమ మరక ఎంత తుడిచినా గీతల్లో మిగిలింది. నాకు దేవుడి భయం తక్కువేమీ కాదు. వెలుగుతున్న హారతిని ఆర్పడం నా జన్మలో అదే మొదలు. మళ్లీ అట్లాంటి పరిస్థితి వస్తే మళ్లీ ఆర్పుతాను. అయినా అల్లుడి కాలుకు ఏమన్నా అయితే ఈ గుడ్డే గుర్తొస్తుంది, ఆమెకూ, నాకూ.

బిడ్డ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చింది. ఇంట్లో ఎవరూ మాట్లాడుకోవడం లేదు. ఒకరికి పెట్టాల్సిన అన్నం ఇంకొకరి చేత పంపించుకుంటున్నాము. "ఏమైంది?" అంటే "ఏం కాలేదు" అని ఇద్దరమూ ఒక్కసారే అన్నాము. ఆ రాత్రి కూడా అల్లుడు నిద్రపోలేదని పొద్దున కళ్లు చూస్తేనే తెలిసింది. రెప్పలు ఉబ్బి, చూపు ఎక్కడా నిలవడం లేదు. పలకరిస్తే మాట సగంలోనే మరిచిపోతున్నాడు.

సొల్యూషన్ ఆరేదాకా ఆగాలి. నేను ఆగలేకపోయాను. అతుకును ముట్టకుండా, గాజుకు బిగించే నిపిల్‌ను మాత్రం విప్పి చూశాను. దాని రబ్బరు వాషరు ఎండిపోయి నెర్రెలు బాసి ఉంది. ఎల్బో ఎంత గట్టిగా అతికినా ఈ వాషరు దగ్గర మళ్లీ కారేది. సూర్యాపేట బజారంతా తిరిగాను. అందరి దగ్గరా పలచటి వాషర్లే. "కోదాడల దొరుకుతది కావచ్చు, బెజవాడ సరుకు ఆడికే వస్తది" అన్నాడు ఒక కొట్టతను. ఇంకేం, బస్టాండుకు నడిచాను. నిజం చెప్పాలంటే వాషరు ఒక సాకు కూడా. మూసిన తలుపు వంక చూస్తూ కూర్చునే బదులు బస్సులో కుదుపులు తినడమే నయం.

కోదాడ కొట్లో పిల్లతనం పోని ముఖంతో ఒకాయన కూర్చుని ఉన్నాడు. పాత వాషరు బల్ల మీద పెట్టాను.

"బోరు మోటారుకాండీ?"

"కాదు, చేపలకు."

"చేపలకి వాషరేంటండీ?"

"వాటి ఇల్లు కారుతున్నది. నువ్వు మందంది ఇస్తవా, ఇంకో కొట్టుకు పోవాల్నా?"

"ఉన్నాయి, ఉన్నాయి, కోప్పడకండి. దీనికి జిగురు గానీ, సొల్యూషన్ గానీ పూయకండి. రబ్బరు పాడైపోద్ది. గాజుని శుభ్రంగా తుడిచి, చేత్తో బిగించండి చాలు. పానా పెట్టి తిప్పితే గాజు పగులుద్ది."

చేత్తో చాలు అన్న మాట నాకు రుచించలేదు, కానీ గుర్తు పెట్టుకున్నాను. బస్టాండు దారిలో పూజ సామాన్ల కొట్టు కనబడింది. ఎందుకో లోపలికి పోయి కర్పూరం పొట్లం ఒకటి తీసుకున్నాను. తడిసిపోయినదానికి బదులు అనుకున్నాను. ఇంటికొచ్చాక ఆమెకు ఎట్లా ఇవ్వాలో తెలియక సంచి అడుగునే ఉంచేశాను.

ఆరాల్సిన వేళ దాటాక వాషరు వేసి, చేత్తో బిగించి, మొదట బకెట్లతో నీళ్లు పోసి పైపు కడిగాను. ఆ నీళ్లు పారబోశాను. మళ్లీ పోసి, మళ్లీ పారబోశాను. ముక్కు పెట్టి వాసన చూశాను. మొదటి నీళ్లలో సొల్యూషన్ వాసన ఉంది, తర్వాత తగ్గింది, చివరికి నీళ్ల వాసనే మిగిలింది. అప్పటికిగానీ చేపల నీళ్లు పోయడానికి మనసొప్పలేదు. బిడ్డ ఉద్యోగానికి పోయింది. వియ్యపురాలు బకెట్లు అందించింది, మాట మాత్రం లేదు. నా చేతికి తగలకుండా పిడి దగ్గర ఎడంగా పట్టుకున్నది.

మోటారు వేశాను. ధార మొదలైంది. అల్లుడు మళ్లీ తన మంచం మీదికి చేరాడు. "వచ్చింది" అన్నాడు, అంతే. కానీ కళ్లు మూయలేదు. మూసినాక మళ్లీ ఆపాల్సి వస్తే ఎట్లా అని భయం. నాకూ అదే భయం.

అరమర అడుగున పాత పేపరు పరిచాను. ఒక్క చుక్క పడినా కాగితం మీద మచ్చ కనబడుతుంది. దాని ముందు కూర్చుని, వేలు పెట్టి చదువుతూ కాపలా కాశాను. వడ్ల ధర వార్త, పెళ్లి ప్రకటనలు, తప్పిపోయిన గేదె. ఒక్కో వరుస చదవడం, పైకి చూడటం, ఎల్బో తడమడం, మళ్లీ వరుస మరిచిపోవడం. గేదె దొరికిందో లేదో ఇప్పటికీ తెలియదు. కాగితం పొడిగా ఉంది. అయినా కూర్చోలేకపోయాను. పైన కారకపోయినా లోలోపల దిగుతున్నదేమో, కింద ఓనరు స్లాబు చూసి వద్దామని లేచి మెట్లు దిగాను.

స్లాబు మీద పాత మరక అట్లాగే ఉంది, పెరగలేదు. ఓనరు కుర్చీ ఎక్కి వేలితో తడిమి, "ఎండినట్టే ఉన్నది" అన్నాడు. "రేపు కూడ సూస్త" అని చేర్చాడు. సూడు, సూడు అని పైకెక్కాను.

అరమర ముందు కూర్చోగానే కనబడింది. పెళ్లి ప్రకటనల మీద తడి మచ్చ. దాని పక్కనే ఇంకోటి.

ఎల్బో తడిమాను, పొడి. యూనియన్ పొడి. వాషరు చుట్టూ వేలు తిప్పాను, పొడి. తల లోపల పెట్టి పైకి చూశాను. ఎక్కడా చెమ్మ లేదు. మచ్చ మాత్రం ఉంది. మంచం మీద నుంచి అల్లుడు తల ఎత్తాడు.

"ఏమైంది అత్తమ్మా? కారుతుందా?"

వియ్యపురాలు గుమ్మం దగ్గర నిలబడి ఉంది, కొంగు కింద ఏదో పట్టుకుని.

"చెప్పు అత్తమ్మా. మోటారు ఆపమంటావా?" ఆయన చేయి అప్పటికే గోడ మీది స్విచ్చి వైపు సాగుతున్నది.

ఏం తోచక మచ్చ మీద వేలు అద్ది నాలుకకు పెట్టుకున్నాను.

తియ్యగా ఉంది.

చేపల తొట్టి నీళ్లు తియ్యగా ఎట్లా ఉంటాయి? మళ్లీ అద్ది మళ్లీ నాకాను. అనుమానం లేదు. తల తిప్పి వియ్యపురాలిని చూశాను. కొంగు కింద నుంచి కొబ్బరి చిప్ప అంచు బయటికి వచ్చి ఉంది.

"ఒదినా" అన్నాను. "ఓనరు దేవునికి కొబ్బరినీళ్లు పోసినవా?"

ఆమె ముఖం ముడుచుకుంది, విచ్చుకుంది. "హారతి వద్దన్నావు. కొబ్బరికాయకి మంట ఉండదు కదా అని కొట్టాను. నువ్వు కిందికి పోగానే, అరమర ముందే. రాయి దొరక్క చిన్న రోలు తెచ్చి దాని మీద కొట్టాను. చిమ్మింది. నాకేం తెలుసు నీ పేపరు మీద పడ్డదని?"

"జెప్పొద్దా మరి? నా పానం పోయింది!"

"నీతో మాట్లాడట్లేదు కదా, ఎట్లా చెప్పను?"

అల్లుడు పగలబడి నవ్వాడు. కాలు అదిరి నొప్పి పుట్టి "అబ్బా" అంటూనే నవ్వాడు. ఆయన చేయి స్విచ్చి మీద నుంచి కిందికి దిగింది. వియ్యపురాలు కొబ్బరి చిప్ప నా చేతిలో పెట్టి, "తిను, ఎండిపోయి ఉన్నావు" అన్నది. నేను ఒక ముక్క పలగ్గొట్టి ఆమెకు ఇచ్చాను. ఇద్దరమూ అరమర ముందు గచ్చు మీద కూర్చుని, కొత్త పేపరు పరిచి, కొబ్బరి నములుతూ దాని వంక చూశాము. ఈసారి ఆమె కూడా వంగి వంగి చూసింది. ఒకరు తల తిప్పితే ఒకరు చూస్తున్నాము.

కాగితం పొడిగానే ఉంది. ఎంతసేపో తెలియదు. నేను రెండుసార్లు లేవబోయాను, ఆమె మోకాలి మీద చేయి వేసి కూర్చోబెట్టింది. వెనక మంచం మీద దరువు ఆగింది. ఎప్పుడు ఆగిందో ఇద్దరమూ గమనించలేదు. తిరిగి చూస్తే ఆయన నోరు కొంచెం తెరిచి, ముఖం ధార వైపు తిప్పి నిద్రపోతున్నాడు. బయట లారీ గట్టిగా హారను కొట్టింది. కదల్లేదు.

వియ్యపురాలు లేచి లోపలికి పోయి ఇత్తడి పళ్లెం కడుక్కుని తెచ్చింది. పసుపు, కుంకుమ పెట్టింది. కర్పూరం కోసం వెతకబోతుంటే నేను సంచి అడుగు నుంచి పొట్లం తీసి ఇచ్చాను. పొట్లం మీది కొట్టు పేరు చూసింది.

"మా కోదాడది."

"మీ కోదాడల మంచిగనే దొరుకుతయి."

అరమర తలుపు తీసి ముక్కు లోపల పెట్టి వాసన చూశాను. నీళ్ల వాసన, తడి గాజు వాసన, ఇంత కొబ్బరి వాసన. డబ్బా బాల్కనీలో మూత బిగించి ఉంది. కిటికీలు తెరిచే ఉన్నాయి. ఆమె అగ్గిపుల్ల గీయకుండా, పట్టుకుని నా ముఖం వంక చూసింది.

"ఇయ్యొచ్చు" అన్నాను. "ఇగ ఇయ్యి."

కర్పూరం వెలిగించింది. అలవాటుగా ఎడమ చేత్తో గంట అందుకుంది. మంచం వంక చూసి ఆగింది. గంట నాలుకను వేళ్లతో గట్టిగా పట్టుకుని, చప్పుడు రాకుండా ఊపుతూ, హారతి తిప్పింది, పైపుకు, చేపలకు, నిద్రపోతున్న కొడుక్కు. వెలుగు ఎల్బో మీద పడ్డప్పుడు నేను మళ్లీ ఒకసారి అతుకు కింద వేలు పెట్టి చూశాను.